ఆయన పెట్టిన వేగం

2023 మే నెల. బందరులో కోనేరు సెంటరుకు దగ్గర్లో, ఒక మందుల షాపు పక్క సందులో నా కంప్యూటర్ సర్వీస్ సెంటర్ ఉంది. సెంటర్ అన్నానని పెద్దగా ఊహించుకోకండి. రెండు బల్లలు, ఒక ఏసీ, గోడకు వేలాడే పాత మదర్‌బోర్డులు, వాటి మధ్య నేను. ఈ ఊళ్లో ఈ పని చేసేవాడికి సముద్రపు గాలితోనే సగం గొడవ. ఉప్పుకు ర్యామ్ కాళ్లు పచ్చబడతాయి, స్క్రూలు తుప్పు పట్టి ఊడిరావు. మిగతా సగం గొడవ కస్టమర్లతో. కీబోర్డులో పప్పుచారు ఒలకబోసి తెచ్చి, "దానంతటదే ఆగిపోయిందండి" అంటారు. ఇన్నేళ్లలో వాళ్లతో వాదించడం మానేశాను గానీ విసుక్కోవడం మాత్రం మానలేదు.

ఆ మధ్యాహ్నం అవనిగడ్డ నుంచి ఒకావిడ వచ్చింది. నలభై లోపే ఉంటుంది. ఆటో అతను సాయం పట్టబోతే వద్దని, దుప్పట్లో చుట్టిన సీపీయూ డబ్బాని తనే మోసుకొచ్చి బల్ల మీద దించింది. బస్సులో కూడా ఒళ్లో పెట్టుకునే వచ్చిందట. పేరు సువార్త అనీ, అవనిగడ్డలో పెళ్లి వీడియోల మిక్సింగ్ యూనిట్ నడుపుతున్నాననీ చెప్పింది. మిక్సింగ్ అంటే, పెళ్లిలో గంటల తరబడి తీసిన వీడియోని కోసి, పాటలు కలిపి, చుట్టాలు కూర్చుని చూడగలిగేలా చేసే పని.

"యూనిట్ మావారిదండి. రాజరత్నం గారని. చర్చి పెళ్లయినా, గుడి పెళ్లయినా మా వైపు ఆయన్నే పిలిచేవాళ్లు. కిందటేడు గుండెపోటుతో పోయారు," అంది. "పక్కన కూర్చుని చూసి నేనూ నేర్చుకున్నాను. ఇప్పుడు నేనే చేస్తున్నాను."

"మరి దీనికేమైందమ్మా?"

"లోపల బ్యాటరీ అయిపోయిందంటండి. ఒకరోజు ఆన్ చేస్తే టైమూ డేటూ అన్నీ తప్పు చూపించింది. అప్పట్నుంచి నెమ్మదైపోయింది. ఆయన దీన్ని స్పీడు పెంచి పెట్టుకున్నారు. ఆ స్పీడు పోయింది. గుడివాడలో ఒకళ్లకి చూపిస్తే ఏదో నొక్కి పెంచారు. ఇంటికి తీసుకెళ్లి పెడితే వేడెక్కి ఆరిపోతోంది. మళ్లీ వెళ్తే, పాతదైపోయింది, పక్కన పడేసి కొత్తది కొనుక్కోమన్నారు."

ఆయన చేసిన పనిని ఓవర్‌క్లాకింగ్ అంటారు. ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే చిప్పు. ఇంత వేగంతో నడవాలని కంపెనీ దానికి ఒక హద్దు పెడుతుంది. కొన్ని రకాల చిప్పుల్లో ఆ హద్దు దాటే వీలు కూడా ఉంచుతుంది. దాటాలంటే చిప్పుకిచ్చే వోల్టేజ్ పెంచాలి. పెంచకపోతే అది లెక్క తప్పుతుంది, తెర నీలంగా మారి మిషన్ ఆగిపోతుంది. వోల్టేజ్ కొంచెం పెంచితే వేడి చాలా పెరుగుతుంది. ఆ వేడిని లాగెయ్యడానికి ఫ్యాను గట్టిగా తిరగాలి, లేదంటే చిప్పు తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోతుంది. వేగానికీ, వోల్టేజ్‌కీ, వేడికీ మధ్య రాజీ కుదర్చడమే ఈ విద్య. ఒకే మోడల్ చిప్పులు రెండు పక్కపక్కన పెట్టినా ఒకటి భరించింది రెండోది భరించదు. అందుకే ఆ అంకెలు ఎవరినీ అడిగి తెలుసుకునేవి కావు. ఎవరి మిషన్ మీద వాళ్లు ఓపిగ్గా కూర్చుని వెతుక్కోవాలి. వెతుక్కున్నవాటిని బయోస్ అనే చోట పెడతారు. రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి వాటిని గుర్తుంచుకుంటుంది. అది చచ్చిపోతే మిషన్ మళ్లీ కంపెనీ ఇచ్చిన వేగానికి వెళ్లిపోతుంది.

"ఆ అంకెలు ఆయన ఎక్కడైనా రాసిపెట్టాడా?" అని అడిగాను.

"లేదండి. ఆయనకి అన్నీ బుర్రలోనే."

గుడివాడ వాళ్లు చెప్పిందే నేనూ చెప్పాను. కాస్త మర్యాదగా చెప్పాను, అంతే తేడా. ఆవిడ దుప్పటి నాలుగు మడతలు పెట్టింది.

"కొత్తది కొనలేక కాదండి," అంది చివరికి. "ఈ మిషను మా పడగ్గదిలోనే ఉంటుంది. పడుకునేముందు ఎక్స్‌పోర్ట్ పెట్టేవాళ్లం. పొద్దున్నకి వీడియో తయారయ్యేది. ఆ ఫ్యాను చప్పుడులోనే ఇన్నేళ్లూ పడుకున్నాను. ఆయన పోయాక కూడా అది మోగుతుంటే, ఇంకా కుర్చీలో కూర్చుని పని చేసుకుంటున్నారు అనిపించేది. ఇప్పుడు ఆ చప్పుడు లేదు. నవ్వకండి అన్నయ్యగారూ, బ్యాటరీ పోయిన దగ్గర్నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. ఆయన పెట్టిన స్పీడు మళ్లీ పెట్టివ్వండి. ఇంకేమీ వద్దు."

నేను నవ్వలేదు. వదిలేసి వెళ్లమన్నాను.

డబ్బా విప్పాక రాజరత్నం మీద గౌరవం కలిగింది. నేనాయన్ను చూడలేదు, కానీ పనివాణ్ని వాడి పనిలో చూస్తే చాలు. వైర్లన్నీ జడ అల్లినంత శుభ్రంగా ఉన్నాయి. గాలి లోపలికి వచ్చే చోట దోమతెర గుడ్డ కత్తిరించి దుమ్ము దూరకుండా బిగించాడు. ప్రాసెసర్ మీద వేడి లాగే కూలర్ పెద్దది, మంచిది, ఆ చిప్పుకు కావలసినదాని కంటే ఎక్కువే. ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. డబ్బా అడుగున నాలుగు మూలలా పాత హవాయి చెప్పుల ముక్కలు కోసి అంటించాడు. ఫోన్ చేసి అడిగితే, "షాక్ కొట్టకుండా అని చెప్పారండి" అంది సువార్త. ఇంత తెలిసినవాడు చెప్పు ముక్కలతో షాక్ ఆపుదామనుకున్నాడా అని నాలో నేను నవ్వుకున్నాను.

బ్యాటరీ మార్చాను. ర్యామ్ కాళ్లు రబ్బరుతో తుడిచాను. కూలర్‌కీ చిప్పుకీ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ ఎండి పెచ్చులు కట్టింది, గీకేసి కొత్తది రాశాను. గుడివాడలో వాళ్లు నొక్కింది ఆటో ఓవర్‌క్లాక్. అది వేగం ఇంత కావాలంటే వోల్టేజ్ అంతకు మించి గుమ్మరిస్తుంది. దాన్ని తీసేసి చేత్తో మొదలుపెట్టాను. కంపెనీ వేగం మూడున్నర గిగాహెర్ట్జ్. కొంచెం పెంచడం, చిప్పుకి పూర్తి బరువు పెట్టే స్ట్రెస్ టెస్ట్ నడపడం, వేడి చూడటం, పడిపోతే వోల్టేజ్ ఒక్క మెట్టు పెంచడం. మిగతా పనులు చేసుకుంటూనే ఆ వారమంతా దానితో ఆడాను. నేను ఓవర్‌క్లాకింగ్‌ని మెచ్చుకునేవాణ్ని కాదు, మన ఎండలకు అది కోరి తెచ్చుకున్న తంటా అనేవాణ్ని. అయినా ఆ చిప్పు బంగారం లాంటిది. ఫ్యాను పూర్తిగా వదిలేస్తే నాలుగు పాయింట్ ఆరు దగ్గర కూడా నిలబడింది, వేడి ఎనభై అయిదు డిగ్రీలు దాటలేదు. ఆ సాయంత్రం నాకు కాలర్ ఎగరెయ్యాలనిపించింది.

సువార్త వచ్చింది. వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టి చూపించాను. "మీ ఆయన పెట్టిన దానికంటే ఎక్కువే ఉంటుందమ్మా ఇది" అన్నాను. ఆవిడ తెర వైపు చూడలేదు. తల కొంచెం వంచి ఫ్యాను రొద వింది. మొహంలో ఆశ మెల్లగా జారిపోవడం నాకు కనిపించింది.

"ఇది ఆయనది కాదండి," అంది.

"వేగం ఎక్కువే కదమ్మా?"

"ఉండొచ్చండి. కానీ ఇంత గోల చేసేది కాదు. దీనికి ఇంతకంటే దమ్ము లేదు అనేవారు ఆయన. పెళ్లిళ్ల సీజన్లో పని పేరుకుపోతే నేను ఆటపట్టించేదాన్ని, మీ మిషనూ మీలాగే, నాలుగడుగులు పరిగెత్తి ఆయాసపడుతుందని. నవ్వేవారు గానీ పెంచేవారు కాదు."

ఇంకొకరైతే చప్పుడుదేముంది, పని అవుతోంది కదా అని పంపేసేవాళ్లేమో. నేను పంపలేకపోయాను. మాది గిలకలదిండి. మా నాన్న సముద్రం మీద వేటకెళ్లేవాడు. బోట్లు తిరిగొచ్చే వేళకు ఆడవాళ్లంతా రేవులో నిలబడేవాళ్లు. బోటు మలుపు తిరిగి కనబడక ముందే, ఇంజన్ చప్పుడు విని, "మనదే" అని మా అమ్మ బుట్ట ఎత్తుకునేది. అదే కంపెనీ ఇంజన్లు ఆ రేవులో ఎన్నో ఉండేవి. అయినా అమ్మ ఎప్పుడూ పొరబడలేదు. ఒకసారి నాన్న ఇంజన్ బాగుచేయించుకుని వస్తే, చప్పుడు మారిందని అమ్మ బోటు ఒడ్డుకు చేరేదాకా మాట్లాడలేదు. ఇప్పుడు నాన్న లేడు, బోటూ లేదు. రేవు వైపు వెళ్తే నాకు ఇంజన్లన్నీ ఒకేలా వినపడతాయి. వాటిలో మాది లేదని మాత్రం తెలుస్తుంది.

అందుకని సువార్తతో, "తప్పు నీ చెవిది కాదమ్మా, నా గదిది. ఇక్కడ ఏసీ ఉంది. ఫ్యాను చప్పుడు గది వేడిని బట్టి మారుతుంది. ఆ మిషన్ ఉండే గదిలోనే చూడాలి" అన్నాను.

"అయితే ఇప్పుడు ఇంటికి తీసుకెళ్తాను, ఆదివారం రండి అన్నయ్యగారూ. ఆరాధన అయిపోయాక ఇంట్లోనే ఉంటాను."

ఆ ఆదివారం చల్లపల్లి మీదుగా బస్సులో వెళ్లాను. కిటికీలోంచి కోసేసిన వరిచేలు ఎండకు తెల్లగా కనపడుతున్నాయి. వాళ్లది చిన్న డాబా ఇల్లు. ముందు గదిలో కొత్త దంపతుల ఫొటోలు చాలా ఉన్నాయి, ఎక్కువ భాగం హంసలదీవి ఇసుకలో తీసినవే. కృష్ణ సముద్రంలో కలిసేచోట ఫొటో దిగకపోతే మా వైపు పెళ్లి అయినట్టు కాదు. లోపల పడగ్గది. కిటికీకి ఎయిర్ కూలర్, గోడవారగా మంచం, మంచం కాళ్ల వైపు మిషన్ బల్ల. కుర్చీలో కూర్చుంటే మంచం మీద పడుకున్నవాళ్ల పాదాలు చెయ్యి చాపితే తగులుతాయి. అంత దగ్గర.

నేను తేలిగ్గా తీసుకున్న సంగతి అక్కడ కూర్చున్నాక తెలిసింది. మామూలుగా మేము ముందు వేగం చూస్తాం. దానికి తగ్గ వోల్టేజ్, ఆ వేడికి తగ్గట్టు ఫ్యాను. మదర్‌బోర్డు ఇచ్చిన మామూలు పద్ధతిలో ఫ్యాను పెట్టి ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టాను. వేడి పెరిగితే చప్పుడు పెరుగుతోంది, తగ్గితే తగ్గుతోంది. సువార్త మంచం అంచున కూర్చుని కళ్లు మూసుకుంది.

"ఇలా ఎక్కడం దిగడం ఉండేది కాదండి," అంది. "మొదలుపెడితే తెల్లారేదాకా ఒకటే వరస."

అంటే ఫ్యానుని ఒకే వేగానికి కట్టేశాడన్నమాట. వేడి ఎంతున్నా అంతే తిరగాలి. ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్లెవరూ ఆ పని చెయ్యరు, పరుగు పందెంలో కాళ్లకు తాడు కట్టుకోవడం లాంటిది అది. సరే, వేగం సంగతి పక్కనపెట్టి ఫ్యానునే పట్టుకున్నాను. కొంచెం పెంచాను.

"ఎక్కువైందండి."

తగ్గించాను.

"మరీ అంత కాదు."

అలా కిందా మీదా చేస్తూ వెళ్తుంటే ఒకచోట ఆవిడ జవాబు చెప్పలేదు. తిరిగి చూశాను. కళ్లు మూసుకునే ఉంది. చేత్తో దుప్పటి సర్దుతోంది, ఎందుకు సర్దుతోందో ఆవిడకే తెలియకుండా.

"ఇదేనండి," అంది.

నేను కుర్చీ లోంచి లేచి, నీళ్లు తాగే వంకతో వంటింట్లోకి వెళ్లాను.

తిరిగొచ్చాక రెండో పని మొదలైంది. ఫ్యాను ఆ చప్పుడు దాటకూడదు. దాని కింద చిప్పు ఎంత వేగం భరిస్తుందో వెతకాలి. నాలుగు పాయింట్ అయిదు పెడితే వేడి తొంభై దాటిపోయింది. నాలుగు పాయింట్ నాలుగు కూడా ఆ వేసవి గదిలో ప్రమాదమే. నాలుగు పాయింట్ మూడు దగ్గర ఎనభైకి చేరి ఆగింది. వోల్టేజ్ ఒక్కో మెట్టూ దించుకుంటూ వచ్చి, పడిపోని చోట వదిలాను. అయినా ఇదే ఆయన వేగమని రుజువేంటి? ఆ మాటే అడిగాను.

సువార్త కాసేపు ఆలోచించి, "సెలవు రోజుల్లో ఒక పాట ఎక్స్‌పోర్ట్ పెట్టి, కుక్కరు పెట్టమని కేకేసేవారు. మూడో విజిల్‌కి పాట అయిపోయేది. అన్నం ముందో నా పాట ముందో చూద్దాం అని పందెం కట్టేవారు" అంది.

నా వృత్తి జీవితంలో ప్రెషర్ కుక్కర్‌తో ప్రాసెసర్‌ని పరీక్షించింది ఆ ఒక్కసారే. ఆయన చివరిగా చేసిన పెళ్లి పాట ఒకటి తీసి ఎక్స్‌పోర్ట్ నొక్కాను. ఆవిడ వంటింట్లో స్టవ్ వెలిగించింది. నేను తెర మీద కదిలే పచ్చగీతని చూస్తూ కూర్చున్నాను. మొదటి విజిల్ వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది కూస్తుండగా గీత చివరికి చేరింది. గుమ్మంలో సువార్త నిలబడి ఉంది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

భోజనానికి కూర్చోమంది. ఆ కుక్కర్ అన్నమే, మామిడికాయ పప్పు, ఎండురొయ్యల వేపుడు. తింటుంటే అప్పటిదాకా విడివిడిగా ఉన్నవన్నీ ఒకచోటికి వచ్చాయి. పెద్ద కూలర్. ఒకే వరసగా తిరిగే ఫ్యాను. మంచానికి అంత దగ్గరగా బల్ల. ఆ చెప్పు ముక్కలు. చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించాను. అన్నం పెట్టిన మనిషి దగ్గర దాచబుద్ధి కాలేదు.

"చెల్లెమ్మా, మీ ఆయన నీకు అబద్ధం చెప్పాడు," అన్నాను.

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఈ మిషనుకి దమ్ము లేకపోవడమేంటి. నా షాపులో ఇదే చిప్పు నాలుగు పాయింట్ ఆరు మీద పరిగెత్తలేదా? అంత చేసినవాడికి ఆ సంగతి తెలియకుండా ఉండదు. ముందు నువ్వు పడుకోగలిగే చప్పుడు ఎంతో చూసుకున్నాడు. ఆ చప్పుడులో ఎంత వేగం వస్తే అంతతో సరిపెట్టుకున్నాడు. ఆ చెప్పు ముక్కలు షాక్ కోసం కాదమ్మా. డబ్బా అదురు బల్లకెక్కి గుయ్యిమని మోగకుండా పెట్టాడు."

పడగ్గదిలోంచి ఎయిర్ కూలర్ చప్పుడు, మిషన్ ఫ్యాను చప్పుడు వినపడుతున్నాయి.

"పెళ్లయిన కొత్తలో ఒక్కసారి అన్నానండి," అంది మెల్లగా. "అప్పుడు స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని, పొద్దున్నే వెళ్లాలి. మీ ఫ్యాను గోలకి నిద్ర పట్టట్లేదని విసుక్కున్నాను. ఆయనేం మాట్లాడలేదు. తర్వాతెప్పుడో ఆ గోల తగ్గింది. అలవాటైపోయిందేమో అనుకున్నాను. నాకే అలవాటైందనుకున్నానండి ఇన్నాళ్లూ."

పళ్లెంలో పప్పు వడ్డించి, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. "ఆయాసపడుతుందని ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. ఒక్కసారైనా చెప్పొచ్చు కదండి మనిషి," అంది. నాకు ఆ నిమిషంలో అమ్మ గుర్తొచ్చింది. నాన్న ఆ ఇంజన్ని మళ్లీ పాత చప్పుడుకి తెప్పించుకున్నాడు. ఎందుకు తెప్పించుకున్నాడో ఎవరికీ చెప్పలేదు. మేమూ అడగలేదు. ఇప్పుడు అడగాలనుంది.

వెళ్లేముందు బయోస్‌లో రెండు ప్రొఫైల్స్ చేశాను. ప్రొఫైల్ అంటే అంకెలన్నీ ఒక పేరుతో దాచిపెట్టుకోవడం. ఒకటి నా షాపులో దొరికిన వేగం, ఫ్యాను వదిలేసినది. రెండోది ఆయనది. బ్యాటరీ మళ్లీ పోయినా ఇబ్బంది లేకుండా రెండూ ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా ఎక్కించి, ఏది ఎలా పెట్టుకోవాలో నేర్పించాను. మొదటిది అక్కర్లేదంటుందేమోనని, చెరిపెయ్యమంటావా అని అడిగాను.

"ఉండనివ్వండి," అంది. "పగలు మీది పెట్టుకుంటాను. ఆర్డర్లు చాలా ఆగిపోయాయి, పని తొందరగా అవుతుంది. చీకటి పడ్డాక ఆయనది."

మర్నాడు షాపులో ఎవరి లాప్‌టాప్‌లోంచో చీమలు దులుపుతుంటే ఫోన్ మోగింది. సువార్త. ఏమైందోనని గాభరాగా, "మళ్లీ ఆరిపోయిందా అమ్మా?" అన్నాను.

"లేదండి. ఇప్పుడే లేచాను అన్నయ్యగారూ. చెబుదామని చేశాను."

గోడ గడియారం వైపు చూశాను. మధ్యాహ్నం కావస్తోంది.

ఆ తర్వాత కూడా కుర్రవాళ్లు మిషన్లు తెచ్చి, దీన్ని ఎంత దాకా పెంచొచ్చు అని అడుగుతూనే ఉన్నారు. ఇదివరకైతే చిప్పు మోడల్ ఏంటి, కూలర్ ఏంటి, వేడి ఎంత వస్తోంది అని అడిగేవాణ్ని. ఇప్పుడూ అడుగుతాను, కానీ ఆ తర్వాత. చిప్పు హద్దు కనుక్కోవడం ఓపిక ఉంటే ఎవరైనా చెయ్యగలరు. దాని కంటే ముందు ఎక్కడ ఆగాలో రాజరత్నం దగ్గర నేర్చుకున్నాను, ఆ మనిషిని ఒక్కసారి కూడా చూడకుండా. అందుకే ఎవరు వచ్చినా ముందు అదొక్కటే అడుగుతాను. వాళ్లు నన్ను వింతగా చూస్తారు. చూడనీ.

"మిషన్ పెట్టే గదిలో ఎవరు పడుకుంటారు?"